గోడకు కోడ్ ఉంది, మరి ధర ఏదీ?

ఇల్లు కట్టించినవారికి ఇది తెలిసిన సంగతే. మేస్త్రి చదరపు అడుక్కి ఇంత అని ఒక్క మాటలో తేల్చేస్తాడు. ఇంజనీరు మాత్రం మట్టి తవ్వకం, కాంక్రీటు, ఇనుము, ఇటుక కట్టుబడి, ప్లాస్టరింగ్ అని పనుల వారీగా విడగొట్టి, ఒక్కోదానికి ప్రభుత్వ ధరల పట్టిక ఎస్‌ఎస్‌ఆర్‌లోని రేటు వేసి కూడతాడు. ఈ రెంటికీ నడుమ మూడో దారి ఒకటుంది. పునాదులకెంత, బయటి గోడలకెంత, పైకప్పుకెంత అని భవనం భాగాల వారీగా లెక్కించడం. డిజైన్ పూర్తికాకముందే ఖర్చు చూసుకోవాలంటే ఈ దారే మేలు. గోడ ఎంత పొడవో ఆ దశలో తెలుస్తుంది గానీ, అందులో ఎన్ని సిమెంటు బస్తాలు పడతాయో తెలియదు కదా.

అమెరికాలో 1970లలో ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ, ప్రభుత్వ భవనాలు చూసే జీఎస్‌ఏ ఈ భాగాలకు యూనిఫార్మాట్ అనే పట్టికను రూపొందించాయి. సవరించిన రూపం 1993లో ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ఈ1557 ప్రమాణంగా వచ్చింది. బీ2010 అంటే బయటి గోడలు, సీ1010 అంటే లోపలి అడ్డుగోడలు. భవనాల త్రీడీ మోడళ్లు తయారుచేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవారికి కనిపించే ‘అసెంబ్లీ కోడ్’ ఈ పట్టికలోదే. అమెరికా ప్రాజెక్టుల పని చేసే హైదరాబాద్ ఆఫీసుల్లో ఈ గడి నింపే మనవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ అంచనాలు వేసేవారు ఎక్కువగా చూసే ఆర్‌ఎస్‌మీన్స్ ధరల పుస్తకంలోనూ అసెంబ్లీల, అంటే భవన భాగాల రేట్లు ఈ వరసలోనే ఉంటాయి.

మోడల్‌లోనూ ధరల పుస్తకంలోనూ ఒకే కోడ్ ఉన్నప్పుడు రెంటినీ కలిపేస్తే అంచనా దానంతటదే వచ్చేయాలి కదా అనిపిస్తుంది. రాదు. కోడ్ పిన్‌కోడ్ లాంటిది. ఊరిదాకా తీసుకెళ్తుంది, ఇంటి నంబరు చెప్పదు. బీ2010 అన్న ఒక్క కోడ్ కిందే కాంక్రీటు గోడ, బ్లాకు గోడ, ముందు ఇటుక వెనక బ్లాకు ఉన్న గోడ, అన్నీ ఉంటాయి. వాటిలో మళ్లీ మందాలు వేరు, ధరలు వేరు.

పునాదుల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆర్‌ఎస్‌మీన్స్‌లో ఏ1010 110 అంటే గోడ కింద పొడవునా వేసే పునాది, ఏ1010 210 అంటే స్తంభం కింద విడిగా వేసే ఫుటింగ్. మొదటిదానికి ధర అడుగు పొడవుకి, రెండోదానికి ఒక్కోదానికి ఇంత అని. మోడల్ నుంచి మనం మామూలుగా తీసేది కాంక్రీటు ఘనపరిమాణం. ఆ ఘనపు గజాలను అడుగు రేటుతో గుణిస్తే కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు, ఏదో ఒక అంకె చూపిస్తుంది. పైగా ఆ అడుగు రేటులో తవ్వకం, సెంట్రింగ్, కాంక్రీటు అన్నీ కలిసే ఉంటాయి. అది చూసుకోకుండా తవ్వకానికి మళ్లీ విడిగా డబ్బు వేస్తే ఒకే పనికి రెండుసార్లు లెక్క. ఫుటింగ్‌కు సరైన వరుస దొరకాలంటే స్తంభం మీద బరువెంత, నేల ఎంత మోయగలదు అన్నవి కావాలి. నేల సంగతి సాయిల్ రిపోర్టులో ఉంటుంది, అసెంబ్లీ కోడ్ గడిలో ఉండదు.

ఇంకో చిక్కు. రెవిట్‌లో అసెంబ్లీ కోడ్ గోడ రకానికి చెందుతుంది, గోడకు కాదు. ఎనిమిది అంగుళాల గోడ రకం ఒకటి తయారుచేసుకుని దాన్నే బయటా లోపలా వాడేస్తే, అన్నిటికీ ఒకే కోడ్ పడుతుంది. అంచనాలో బయటి గోడలు పెరిగిపోతాయి, అడ్డుగోడలు మాయమవుతాయి. గీసేటప్పుడు రెండు రకాలు పెట్టుకోవడం ఐదు నిమిషాల పని. తర్వాత దిద్దాలంటే అంతస్తు అంతస్తూ వెతకాలి.

అన్నిటికన్నా ప్రమాదమైనది ఎడిషన్ల తేడా. ఏఎస్‌టీఎం పట్టికలో సీ2010 అంటే మెట్ల నిర్మాణం. నిర్మాణ స్పెసిఫికేషన్లు చూసే సీఎస్ఐ సంస్థ 2010లో తెచ్చిన యూనిఫార్మాట్‌లో అదే సీ2010 గోడల ఫినిషింగ్. మోడల్ ఒక ఎడిషన్‌లో, ధరల జాబితా ఇంకో ఎడిషన్‌లో ఉంటే గోడ రంగుకు మెట్ల ధర పడుతుంది. రెండూ చెల్లే కోడ్‌లే కాబట్టి సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు. మనిషి కన్నే పట్టుకోవాలి.

అందుకే అనుభవమున్న ఎస్టిమేటర్లు నేరుగా కలపరు. నడుమ ఒక పట్టిక రాసుకుంటారు. మోడల్‌లోని ప్రతి రకానికి ఒక వరుస పెట్టి, అందులో దాని కోడ్, ధరల పుస్తకంలో సరిపోయే పూర్తి నంబరు, ఏ కొలత తీసుకోవాలి, ఆ రేటులో ఏమేం కలిసున్నాయి అన్నది రాస్తారు. ఇది విసుగు పుట్టించే పనే, కానీ అంచనాలో అసలైన ఇంజనీరింగ్ ఇక్కడే జరుగుతుందని నా అభిప్రాయం. మొదటి ప్రాజెక్టుకు రోజులు పడతాయి. అవే గోడ రకాలు మళ్లీ వాడితే రెండోదానికి చాలావరకు సిద్ధంగా ఉంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారికి ఒక మాట. ఆ పట్టిక తెరవగానే, ఒక్క కోడ్ కూడా నింపకముందే, మొదటి వరుసలో ఏ కోడ్‌ల పట్టిక, ఏ ఎడిషన్, ఏ సంవత్సరం ధరలు అన్నది రాసి పెట్టండి.