ఒంటరిగా నడిస్తే జ్ఞాపకాలు తోడొస్తాయి

మీ చిన్నతనం శాలిబండలోనో, లాల్‌దర్వాజలోనో గడిచిందనుకుందాం. పెళ్లయ్యాక, పిల్లల చదువుల కోసం కాపురం దిల్‌సుఖ్‌నగర్‌కో, వనస్థలిపురానికో మారింది. రోజూ కాలనీ పార్కులో నలభై నిమిషాలు నడుస్తారు. చెవుల్లో పాటలు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ. ఎన్ని చుట్లు తిరిగినా పాత సంగతులు పెద్దగా గుర్తుకురావు.

ఓ ఆదివారం పొద్దున ఆరింటికి చార్మినార్ దగ్గర బండి ఆపి, ఒక్కరే నయాపూల్ వైపు నడిచి చూడండి. లాడ్‌బజార్‌లో షట్టర్లన్నీ దించి ఉంటాయి. మక్కా మసీదు ముందు పావురాల గుంపు లేచి మళ్లీ వాలుతుంది. ఇరానీ హోటల్లోంచి మరుగుతున్న పాల వాసన వస్తుంది. అక్క పెళ్లికి గాజులు బేరమాడిన అమ్మ గొంతు, గుల్జార్‌హౌజ్ మీదుగా నాన్న సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని వెళ్లినప్పటి చలి... పిలవకుండానే వచ్చేస్తాయి. కొందరికి హాయిగా ఉంటుంది. కొందరికి గొంతు పూడుకుపోతుంది. ఇంటికొచ్చాక ‘ఏంటలా ఉన్నారు?’ అని అడిగితే ఏం చెప్పాలో తోచదు.

ఇందులో మాయేమీ లేదు. మన మెదడులో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. 1971లో జాన్ ఓకీఫ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేస్తూ, అక్కడి కొన్ని కణాలు ఎలుక ఒక ఫలానా చోటికి వెళ్లినప్పుడే చురుగ్గా స్పందిస్తున్నాయని గుర్తించారు. ఆ పనికే 2014లో ఆయనకు, మోసర్ దంపతులకు కలిపి నోబెల్ వచ్చింది. జీవితంలో జరిగిన సంఘటనలను దాచుకోవడంలోనూ ఈ హిప్పోక్యాంపస్‌దే ముఖ్యపాత్ర. అంటే ‘ఎక్కడ’, ‘ఏం జరిగింది’ అనేవి రెండూ ఒకే కప్పు కింద కాపురం చేస్తుంటాయి. ఒకరి తలుపు తడితే రెండోవాళ్లు కూడా పలుకుతారు.

వాసన సంగతి ఇంకా తమాషా. చూపు, వినికిడి వంటివి థాలమస్ అనే కూడలి మీదుగా పైకి వెళ్తాయి. వాసనకు మాత్రం ఆ కూడలి దాటాల్సిన పనిలేదు. భావోద్వేగాలు, జ్ఞాపకాలు ఉండే చోటికి అడ్డదారి ఉంది. అందుకే ఫొటో చూసినప్పుడు రాని కన్నీళ్లు ఉస్మానియా బిస్కెట్ వాసనకు వస్తాయి.

పక్కన స్నేహితుడు ఉంటే ఇదంతా జరగదా? కొంత జరుగుతుంది. కానీ ధ్యాసంతా మాటల మీదకు పోతుంది. ఒంటరిగా, ఫోన్ జేబులో పెట్టుకుని, తెలిసిన దారిలో నడుస్తున్నప్పుడు మెదడుకు ప్రత్యేకంగా పనేమీ ఉండదు. అప్పుడు అది తన గురించి, తనవాళ్ల గురించి, గడిచిన రోజుల గురించి ఆలోచించుకోవడం మొదలుపెడుతుంది. శాస్త్రవేత్తలు దీనికి డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని పేరు పెట్టారు. నలభై దాటినవారికి ఎక్కువగా గుర్తొచ్చేవి పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగిన సంగతులేనని కూడా వాళ్లు గమనించారు. పాతబస్తీలో పెరిగి బయటికొచ్చినవారికి ఆ ఇరవై ఏళ్లూ ఈ గల్లీల్లోనే ఉన్నాయి మరి.

నడక వల్ల జ్ఞాపకశక్తికి మేలు జరుగుతుందా అంటే, 2011లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనాన్ని తరచూ చెబుతుంటారు. 55 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 120 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు నడిచింది. రెండో జట్టు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసింది. ఏడాది తర్వాత చూస్తే నడిచినవారి హిప్పోక్యాంపస్ పరిమాణం సుమారు 2 శాతం పెరిగింది. రెండో జట్టులో 1.4 శాతం తగ్గింది. తర్వాతి అధ్యయనాలన్నిటిలోనూ ఫలితం ఇంత స్పష్టంగా రాలేదన్నది నిజమే. అయినా గుండెకు, షుగర్‌కు, నిద్రకు ఎలాగూ మంచిదే కాబట్టి నడవడానికి ఇంకో సాకు అక్కర్లేదు.

పాత రోజుల మీద బెంగ పెట్టుకోవడాన్ని ఒకప్పుడు వైద్యులు జబ్బుగానే చూశారు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి సొంతూరికి దూరమైనవారిలో కనిపించే దిగులుకు ‘నాస్టాల్జియా’ అని పేరు పెట్టాడు. గ్రీకులో తిరిగి ఇంటికి చేరడం, నొప్పి అనే రెండు మాటలు కలిపాడు. ఇప్పుడు మానసిక నిపుణుల అభిప్రాయం మారింది. పాత సంగతులు తలుచుకుంటే ‘నాకూ నావాళ్లున్నారు’ అన్న భరోసా పెరుగుతుందంటారు. పెద్దవాళ్లు గతాన్ని నెమరేసుకోవడం చాదస్తం కాదు, జీవితాన్ని ఓసారి సరిచూసుకోవడమని అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశారు. పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ తెలియాల్సిన మాట ఇది.

అయితే జ్ఞాపకాలన్నీ తీపివే కావు. పత్తర్‌గట్టి, మదీనా దాటి, నయాపూల్ మీదుగా మూసీ అవతలికి వెళ్తే ఉస్మానియా ఆసుపత్రి వస్తుంది. ఆ ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరదొచ్చినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని బతికారని చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని తానొక్కడే మిగిలారు. అయినా ఆయన ఈ ఊళ్లోనే ఉన్నారు. వరద గురించి కవిత రాశారు. 1961 దాకా బతికారు. తన కళ్లెదుటే అంతా కొట్టుకుపోయిన ఊళ్లో యాభై ఏళ్లకు పైగా గడిపిన మనిషి ఆయన.

అందరూ అలా నిలదొక్కుకోలేరు. భర్త పోయిన ఆరు నెలలకు, ఇద్దరూ కలిసి నడిచిన దారిలో ఒక్కరే నడుస్తున్న అమ్మను చూడండి. కళ్లు తుడుచుకుంటూ వచ్చినా టిఫిన్ తిని, ‘మీ నాన్న ఈ మూలమీదే నహారీ తిని నాకు తెలియకుండా మూతి తుడుచుకునేవాడు’ అని నవ్వుతూ చెబుతుంటే కంగారు పడక్కర్లేదు. బాధ ఉంది, కానీ అది కదులుతోంది. అలా కాకుండా రోజూ అదే మూలమీద అదే ప్రశ్న... ‘ఆ రోజు ఇంకాస్త ముందే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే?’ అని తిరుగుతుంటే అది వేరు. గానుగెద్దులా ఆలోచన ఒకేచోట తిరగడాన్ని నిపుణులు రూమినేషన్ అంటారు. కుంగుబాటుకు ఇది దగ్గరి చుట్టం.

అలాంటప్పుడు నడక మానేయొద్దు, దారి మార్చండి. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరిని చెట్లూ గడ్డీ ఉన్న చోట, కొందరిని రద్దీ రోడ్డు పక్కన గంటన్నర నడిపించారు. పచ్చదనంలో నడిచినవారిలో ఈ సుడి తగ్గింది. రోడ్డు పక్కన నడిచినవారిలో తగ్గలేదు. కాబట్టి కొన్నాళ్లు చెట్లున్న పార్కు, పక్కన మాటకు ఒకరు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగా లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా వైద్యుణ్ని కలవాలి. బతకాలని లేదన్న మాట వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టాల్సిన పనిలేదు.

ఇంకో పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది. ‘నాయిన చిన్నప్పటి సంగతులు పూసగుచ్చినట్టు చెబుతున్నాడు, ఆయనకు మతిమరుపేంది?’ అనుకుంటారు. అల్జీమర్స్‌లో ముందు పోయేవి నిన్నమొన్నటి సంగతులు. పాతవి చాలాకాలం చెక్కుచెదరవు. లాల్‌దర్వాజ బోనాల ఊరేగింపు వివరంగా చెప్పగలిగిన మనిషి, పొద్దున మందు వేసుకున్నదీ లేనిదీ చెప్పలేకపోతే గమనించండి. ఏళ్ల తరబడి నడిచిన దారిలో ఒక్కసారి తప్పిపోయినా న్యూరాలజిస్టుకు చూపించాల్సిందే. అంతవరకు మాత్రం ‘ఒక్కనివే ఎందుకు పోతవ్ నాయినా’ అని చెప్పులు దాచేయకండి. ఆయనకు రోజు మొత్తంలో తనకంటూ మిగిలిన గంట అదొక్కటే కావచ్చు.

పంపేటప్పుడు జేబులో పేరు, ఇంటి ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. ఇన్సులిన్ తీసుకునేవారు, కొన్నిరకాల షుగర్ మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో నడిస్తే షుగర్ పడిపోవచ్చు. వైద్యుణ్ని అడిగి ఏదైనా కాస్త తినిపించి పంపండి, జేబులో నాలుగు చాక్లెట్లు వేయండి. ఆలోచనలో మునిగినప్పుడు కాలు తడబడటం పెద్ద వయసులో మామూలే. నడుస్తూ మాట్లాడమంటే ఆగిపోయి మాట్లాడే పెద్దవారికి పడిపోయే ప్రమాదం ఎక్కువని 1997లోనే ఒక అధ్యయనం తేల్చింది. చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్లు తడిస్తే జారుతాయి. హవాయి చెప్పులొద్దు, పట్టున్న బూట్లు కావాలి.

మొదటిసారి వెళ్తుంటే రాను పోను గంట పెట్టుకోండి. ఎండెక్కే కొద్దీ పత్తర్‌గట్టిలో ఆటోల రొద మొదలవుతుంది. ఆలోపే వెనక్కి తిరిగితే, ఇరానీ హోటల్లో కూర్చోవడానికి కుర్చీ దొరుకుతుంది.