ముందు కుట్టు, తరవాతే కత్తెర

అంగుళం ముక్కలతో బొంత కుడతానంటున్నావు కదమ్మా బుజ్జీ, కత్తెర పట్టుకునే ముందు ఒక చిన్న లెక్క చూడు. ముక్కకి నాలుగు వైపులా పావంగుళం చొప్పున కుట్టులోకి పోతుంది. అంటే పైకి అంగుళం కనపడాలంటే అంగుళంన్నర ముక్క కత్తిరించాలి. దాని వైశాల్యం 2.25 చదరపు అంగుళాలు. కంటికి కనపడేది ఒక్కటే! సగానికి పైగా గుడ్డ అడుగున మడతల్లోకే పోయింది. అదే నాలుగంగుళాల ముక్కయితే 20.25లో 16 పైనే ఉంటుంది. ముక్క చిన్నదయ్యే కొద్దీ వైశాల్యం గబగబా తగ్గుతుంది, అంచు అంత తొందరగా తగ్గదు. చిన్న ముక్కల బొంత బరువుగా, బిరుసుగా ఉండేది అందుకే.

మీ నాయనమ్మ బొంతలకి ఈ తిప్పలేం లేవు. పాత నేత చీరలు నాలుగైదు పొరలు పరిచి, చిరిగినచోట మాసికేసి, బారుగా కుట్టుకుంటూ పోయేది. పొరల మధ్య చిక్కుకున్న గాలి కదలదు, వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. వెచ్చదనమంతా ఆ గాలిదే.

ఇదుగో, ఈ చీరాల చీర ముక్క పట్టుకో. పడుగు వెంట లాగు, సాగదు. పేక వెంట ఏదో కాస్త. ఇప్పుడు మూల నుంచి మూలకి లాగు. చూశావా, చదరం కాస్తా వాలిపోయింది! పోగులు సాగలేదు, వాటి మధ్య గళ్లు పక్కకి ఒరిగాయంతే. అందుకని పోగు వెంటే కత్తిరించాలి. గుడ్డలోంచి ఒక పోగు లాగెయ్, సన్నగా గీత పడుతుంది. అంతకన్నా తిన్నని స్కేలు ఏ కొట్లోనూ దొరకదు.

ఇక కుట్టడం. 64 గళ్ల చదరం కావాలంటే విడివిడి ముక్కలతో 63 కుట్లు. అలా వద్దు. ఎరుపువి నాలుగు, తెలుపువి నాలుగు పీలికలు, అంగుళంన్నర వెడల్పు, అడుగు పొడవు, మార్చి మార్చి కలిపి కుట్టు. ఏడు కుట్లు. మడతలన్నీ ఒకే వైపుకి ఇస్త్రీ చెయ్యి. అప్పుడు అడ్డంగా అంగుళంన్నరకొకటి చొప్పున ఎనిమిది పట్టీలు కోసి, ఒకటి విడిచి ఒకటి తలకిందులు చేసి కుట్టు. ఇంకో ఏడు. మొత్తం 14! తిప్పిన పట్టీల్లో మడతలు ఎదురు వైపుకి ఉంటాయి కాబట్టి మూలలు దిబ్బకట్టవు, ఒకదాన్నొకటి ఆనుకుని సరిగ్గా కూర్చుంటాయి. మిషను పళ్లు చిన్న ముక్క మూలని కిందికి లాగేసుకుంటాయి, ముందు ఒక పనికిరాని పేలిక మీద కుట్టు మొదలెట్టి దాని వెనకే అసలుది తోసెయ్.

కుట్టుకి ఒక్క మిల్లీమీటరు ఎక్కువ తీసుకున్నా, అది అటూ ఇటూ రెండు ముక్కల్లోంచీ పోతుంది కాబట్టి 40 ముక్కల వరసలో దాదాపు ఎనిమిది సెంటీమీటర్లు తగ్గిపోతుంది. అన్ని వరసల్లోనూ అంతే తగ్గితే బాధ లేదు, బొంత కాస్త చిన్నదవుతుంది. ఒక వరస ఒకలా, ఇంకోటి ఇంకోలా అయితేనే గొడవ. మన ప్రకాశం జిల్లానే చూడు, 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి కుట్టిన బొంత. 2022లో కుట్లు విప్పి చీరాలని బాపట్లకి, కందుకూరుని నెల్లూరికి అతికించారు. ఆ కొలతలు ఎవరు తీశారో మరి!

ఆఁ, ఆ ఎర్ర గుడ్డ కొత్తదిలా ఉంది. కోసే ముందే విడిగా ఒక బక్కెట్లో నానెయ్. కుంచించుకునేదేదో ఇప్పుడే కుంచించుకుంటుంది, రంగు వదిలేదైతే తెల్లముక్కలకి అంటకముందే తెలిసిపోతుంది.