విశ్రాంత సైనికుల దినము – గ్రామముల విధి

ఏటేట జనవరి 14వ తేదీని సాయుధదళముల విశ్రాంత సైనికుల దినముగా భారత ప్రభుత్వము పాటించుచున్నది. భారతసేనకు తొలి భారతీయ సర్వసేనాధిపతియైన కరియప్పగారు 1953 జనవరి 14వ తేదీన ఉద్యోగవిరమణ చేసిరి. ఆ సందర్భమును పురస్కరించుకొని 2016వ సంవత్సరమునుండి ఈ దినము జరుగుచున్నది. దండుపట్టణములందు పుష్పమాలలుంచుదురు, ఉపన్యాసములు జరుగును, పతకములు ధరించిన వృద్ధులు పూర్వమిత్రులను కలిసికొందురు. బళ్లారి తాలూకాలోని రూపనగుడి వంటి సరిహద్దు గ్రామమున మాత్రము ఇట్టి దినమొకటి కలదని ఎందరికి తెలియును? సైనికులు పుట్టునది పల్లెలలో, విరమించి మరలి వచ్చునదియు పల్లెలకే. వారి స్మరణము మాత్రము దండుబజారు దాటి రాకున్నది. ఈ వైపరీత్యమునుగూర్చి నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తలంచుచున్నాము.

మనకు దినములకు కొదువలేదు. జనవరి 15 సైన్యదినము. 1949లో కరియప్పగారు సేనాధిపత్యము వహించిన దినమది. జూలై 26 కార్గిల్ విజయదినము. డిసెంబరు 16 నాడు 1971 నాటి విజయమును స్మరింతుము. 1949 నుండి డిసెంబరు 7వ తేదీన జెండాదినము జరుగుచున్నది. చిన్న జెండాను రొమ్మున గ్రుచ్చుకొని తోచిన చందా నిచ్చుచున్నాము. ఇన్ని యుండగా మరియొకటి యెందులకని అడుగువారు లేకపోలేదు. మా సమాధానమిది. సైన్యదినము సంస్థకు సంబంధించినది. విజయదినములు విజయమునకు సంబంధించినవి. జెండాదినము దానమునకు సంబంధించినది. యుద్ధముననో, మంచుకొండలయందలి కాపలాలోనో యౌవనమును ధారవోసి, ప్రాణముతో తిరిగివచ్చి, మనవీధిలోనే కాపురముండు మనిషిని పేరుపెట్టి పిలిచి గౌరవించుటకు ఏర్పడినది ఈ యొక్క దినమే.

విశ్రాంత సైనికుడనగానే వృద్ధుడని మనవారు తలపోయుదురు. ఇది పొరపాటు. సిపాయిగా చేరినవాడు సాధారణముగా ముప్పదియైదు, నలుబది యేండ్ల ప్రాయముననే విరమింపవలసి యున్నది. సేన యౌవనమును కోరును గనుక ఏటేట సుమారు 60,000 మంది ఇట్లు ఇంటిముఖము పట్టుచున్నారు. పిల్లల చదువులు ముగియలేదు. ఆడపిల్లకు పెండ్లి కాలేదు. సేద్యము మరచి పదునేడేండ్లయినది. అట్టివానికి కావలసినది జాలి కాదు. ఊరిలో స్థానము కావలయును. తాను చేసివచ్చిన పనికి గుర్తింపు కావలయును. రెండవ జీవికకు దారి కావలయును.

ఇక తేదీ మాట. జనవరి 14 భోగి యగును, లేదా సంక్రాంతి యగును. ఆనాడు కచేరీలు మూసియుండును; అధికారులు సెలవులపై స్వగ్రామములకు బోవుదురు. కావున తేదీని మార్చవలెనని కొందరనవచ్చును. అమెరికాలో ఇట్టి ప్రయత్నము జరిగినది. మొదటి మహాయుద్ధము ముగిసిన నవంబరు 11వ తేదీని వారు 1954లో విశ్రాంత సైనికుల దినముగా జేసికొనిరి. పిమ్మట వరుసగా సెలవులు కలసివచ్చునని 1971లో దానిని అక్టోబరు సోమవారమునకు మార్చిరి. ప్రజలు సమ్మతింపలేదు. తుదకు 1978లో మరల నవంబరు 11కే మరలింపవలసి వచ్చినది. స్మరణదినమునకు తేదీయే ప్రాణమని దీనివలన తేలినది.

మన తేదీ మనకు మరింత అనుకూలమైనదని మా విశ్వాసము. సంక్రాంతి పెద్దల పండుగ. క్రొత్తబట్టలు పెద్దలముందర పెట్టి, గతించినవారిని తలంచిన పిమ్మటనే మనము కట్టుకొనుట యాచారము. ధాన్యము ఇంటికి వచ్చియుండును. సెలవు దొరకిన సైనికుడు ఆ నాలుగు దినములకే ఊరికి చేరును. ఊరెల్ల ఒకచోట గూడు దినమున ఊరివారిలో సేవచేసి వచ్చినవారిని స్మరించుటకు కలెక్టరుగారి రాక ఆవశ్యకమా? కచేరీ మూసియుండుట లోపమనుకొనుటకన్న, పని మనచేతికి వచ్చినదని యెంచుట మేలు.

ఈ సీమకు వీరస్మరణము క్రొత్తది కాదు. బళ్లారి, అనంతపురము, కర్నూలు ప్రాంతములందు గుడిముంగిటనో, చెరువుకట్టపైననో, పొలిమేరలోనో వీరగల్లులు నేటికిని నిలిచియున్నవి. క్రింది అంతస్తున వీరుడు పోరాడుచుండును, నడుమ అప్సరసలు వానిని గొనిపోవుచుందురు, మీద శివసన్నిధి. రాజులకు మాత్రమే కాక, ఆవులమందను దొంగలనుండి విడిపింపబోయి కూలిన సామాన్యునికి గూడ ఆ శిల యెత్తబడెను. తొమ్మిదవ శతాబ్ది ప్రాంతమున జరిగిన సోరెమడి యుద్ధమునందు గూలినవారి శిలలు తెలుగు కన్నడముల రెంటను వెలసినవి. వీరుని భాష యేదని నాటివారు తగవులాడలేదు.

మరియొక విశేషము గమనింపదగియున్నది. నాటివారు శిలనెత్తి ఊరకుండలేదు. చనిపోయినవాని కుటుంబమునకు భూమినిచ్చిరి. దానిని తెలుగున రక్తమాన్యమనిరి. కన్నడమున నెత్తరుగొడగె యనిరి. శిల పేరును నిలిపెను, మాన్యము పొయ్యిని వెలిగించెను. ఈ రెండును కలసినప్పుడే అది స్మరణమని మన పూర్వులు గ్రహించిరి. అన్నములేని స్మరణము ఆడంబరము; స్మరణములేని అన్నము భిక్షము.

ఇందువలననే కొందరు విశ్రాంత సైనికులు ఈ దినములను శంకించుట. వారి శంక నిర్హేతుకము కాదు. ఒకే హోదాలో ఒకే కాలము సేవచేసినవారికి, ఎప్పుడు విరమించినను ఒకే పింఛను ఈయవలెనని వారు నాలుగు దశాబ్దములు మొరపెట్టుకొనిరి. 2015లో ఢిల్లీ జంతర్ మంతర్ కడ వృద్ధసైనికులు నెలలతరబడి కూర్చుండవలసి వచ్చినది. ఆ నవంబరు 7వ తేదీన ఉత్తర్వు వెలువడినది; 2014 జూలై నుండి అమలునకు వచ్చునట్లును, అయిదేండ్లకొకసారి సవరించునట్లును నిర్ణయమైనది. మరి రెండు నెలలకే తొలి స్మరణదినము జరిగినది. మాలలు చౌకయైనవి, పింఛను ప్రియమైనది. ఒకదానిని చూపి మరియొకదానిని దాటవేయుదురేమోనని వారు భయపడినచో తప్పేమున్నది? కావున స్మరణదినము లెక్క యప్పగించు దినము గూడ కావలయును.

ఇంకొక చిక్కు గలదు. ఎవరిని సైనికుడని లెక్కింపవలయును? రెండవ మహాయుద్ధమునందు 25 లక్షలకు పైగా భారతీయులు సేనలో పనిచేసిరి. యుద్ధము ముగియగానే లక్షలమందిని ఇంటికి పంపివేసిరి. పింఛనుకు చాలినంత కాలము సేవ లేదు గనుక వారికి పింఛను లేదు. ఎన్నో యేండ్లు గడచిన పిదప రాష్ట్రప్రభుత్వములు జిల్లా సైనిక సంక్షేమ కచేరీల ద్వారా అట్టివారికిని, వారి వితంతువులకును నెలసరి సహాయము నీయసాగినవి. అప్పటికెందరో గతించిరి. 2022లో వచ్చిన అగ్నిపథ పద్ధతిలో చేరినవారు నాలుగేండ్లు సేవింతురు. నూటికి ఇరువదియైదుగురికి మించకుండ కొనసాగింతురు; తక్కినవారు కొంత సొమ్ముతో మరలవలయును. వారికి పింఛను లేదు. మాజీ సైనికుల హోదాయు ఆ పద్ధతిలో లేదు. ఈ విధానపు మంచిచెడ్డలు వేరుగా చర్చింపదగినవి. 2025 మే నెలలో సరిహద్దు కాల్పులకు బలియైన మురళీ నాయక్ అగ్నివీరుడే. ఆతని ఊరు సత్యసాయి జిల్లాలోని కల్లితండా. మన బళ్లారి సీమకు దూరమైనది కాదు. గుండు వచ్చునప్పుడు సేవాకాలమెంతయని అడుగదు. చట్టము హోదాను విడదీసినను, ఊరు తన స్మరణమున విడదీయనక్కరలేదు. నాలుగేండ్లు కాచినవాని పేరును, ఇరువది యేండ్లు కాచినవాని పేరును ఒకే పట్టికలో చదువుటకు ఏ ఖజానాయు వెచ్చింపబడదు.

సరిహద్దు గ్రామములకు ఈ దినము మరింత ఆవశ్యకమని మా అభిప్రాయము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లానుండి ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. తక్కినవి మైసూరునకు చేరినవి. రూపనగుడి ఆవలనే నిలిచినది. అన్న కర్ణాటకమున, చెల్లెలు ఆంధ్రమున. ఒక యింట రెండు భాషలు. పేరు ఒకచోట కన్నడమున, ఒకచోట తెలుగున, సేనాపత్రములలో ఇంగ్లీషున వ్రాయబడును. అక్షరమొకటి తేడా వచ్చినను వితంతువు పింఛను కాగితము కదలదు. ఇది చిన్న మాటగా తోచవచ్చును. ఆమెకు మాత్రమిది పూటకూటి మాట.

తెలుగువారికి గూడ తమ చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొనవలసిన యవసరమున్నది. ఒకప్పుడు ఉత్తరదేశమున సిపాయిని ‘తిలంగా’ యని పిలిచెడివారు. తెలుగు సిపాయిల మూలముగా వచ్చిన పేరది. పందొమ్మిదవ శతాబ్ది తుదిని యుద్ధజాతులని, యుద్ధము చేయలేని జాతులని సీమదొరలు గీతగీసి మనవారిని సేననుండి తగ్గించిరి. ఆ గీత అబద్ధమని తరువాతి చరిత్ర నిరూపించినది. 1999లో కార్గిల్ కొండలపై ప్రాణమిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాదువారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో నేలకొరిగిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవారు. ఇద్దరికిని మహావీరచక్రము లభించినది. వీరి పేర్లు అందరికిని తెలియును. కీర్తిపతకము లేక, పత్రికలకెక్కక, విధి నెరవేర్చి వచ్చినవారి పేర్లు వారి ఊరికైనను తెలియవలదా?

కావున మేము కొన్ని సూచనలు చేయుచున్నాము. మొదటిది, ప్రతి గ్రామపంచాయతియు ఒక పుస్తకమును తెరచి, ఆ ఊరినుండి సేనలో చేరినవారి పేరు, దళము, చేరిన యేడు, విరమించిన యేడు వ్రాసి యుంచవలయును. సరిహద్దున అది రెండు భాషలందును ఉండవలయును. వృద్ధులు జీవించియుండగనే ఈ పని కావలయును. వారితో సగము చరిత్ర గతించును. రెండవది, సంక్రాంతినాడు ఊరు గూడినచోట ఆ పేర్లను పాఠశాల బాలురు, బాలికలు చదువవలయును. గతించినవారి పేరునకు లేచి నిలువవలయును. ఉన్నవారిని ముందు వరుసలో కూర్చుండబెట్టవలయును. ఉపన్యాసములు లేకున్నను నష్టము లేదు. మూడవది, కచేరీలు తెరచిన తరువాతి వారమున జిల్లా సైనిక సంక్షేమాధికారి, బ్యాంకువారు, తహశీల్దారు కలసి హోబళికొక దినము చొప్పున కూర్చుండి పింఛను చిక్కులను, పేర్ల తేడాలను, ఏటేట సమర్పింపవలసిన జీవనధ్రువీకరణ పత్రములను అక్కడికక్కడనే చక్కబెట్టవలయును. నాలుగవది, బళ్లారి, అనంతపురము, కర్నూలు జిల్లాల అధికారులు ఈ విషయమున ఒకరితో నొకరు ఉత్తరప్రత్యుత్తరములు నడుపవలయును. సైనికుడు ఒక రాష్ట్రమును కాచి మరియొకదానిని విడువలేదు గదా!

యుద్ధమును కీర్తించుట మా యుద్దేశము కాదు. నవంబరు 11వ తేదీని లోకము స్మరించునది ఆనాడు తుపాకులు మౌనము వహించుటచేతనే. యుద్ధమేమో చూచివచ్చినవాని నోట శాంతిమాట వినుట బాలురకు మేలు. దినమును నిర్ణయించుట ఢిల్లీ పని, అది యైనది. దానికి జీవము పోయుట ఊరి పని, అది మిగిలియున్నది. రాబోవు సంక్రాంతికి రూపనగుడిలోను, ఇరుప్రక్కల సరిహద్దు గ్రామములలోను పంచాయతి పెద్దలు ఈ పుస్తకమును తెరచి, మొదటి పేరు వ్రాయుదురని ఆశించుచున్నాము.