వార్తల్లో పదం: ట్విస్టీస్

గాల్లోకి లేచిన జిమ్నాస్ట్‌కు ఉన్నట్టుండి తానెక్కడున్నదీ, నేల ఎటువైపున్నదీ తెలియకుండా పోవడాన్ని ట్విస్టీస్ అంటారు. ఒంట్లో సత్తువ తగ్గదు, నేర్చిన విద్యా ఎటూ పోదు. మనసుకీ శరీరానికీ మధ్య లంకె తెగుతుంది, అంతే. ఆ క్షణంలో తలకిందులుగా పడితే మెడ విరగొచ్చు.

2021 జులై 27న టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ వాల్ట్‌పై రెండున్నర మెలికలు తిరగాల్సింది; ఒకటిన్నరతోనే దిగింది. మోకాళ్లు బాగా వంగిపోయాయి, అడుగు ముందుకు పడింది. స్కోరు 13.766. వెంటనే పోటీ నుంచి తప్పుకుంది. పిరికితనమన్నవాళ్లూ లేకపోలేదు. గట్టున కూర్చున్నవాళ్లకేం, ఎన్నైనా చెబుతారు!

బాగా అలవాటైన విద్య దానంతటదే సాగుతుంది. ‘ఇప్పుడు తప్పితే?’ అన్న ఆలోచన దూరి ఒక్కో కదలికనూ తనిఖీ చేయబోతే లయ చెడుతుంది. ఆ ఆలోచనను తరిమేకొద్దీ అది మరింత గట్టిగా పట్టుకుంటుంది. అందుకే చాలామంది క్రీడా మనస్తత్వ నిపుణులు ఆలోచనను రానిచ్చి, దృష్టిని మాత్రం చేస్తున్న పనిమీదకి మళ్లించమంటారు. ట్విస్టీస్‌కు అదొక్కటే చాలదు. ఫోమ్ నింపిన గుంటల్లోకి దూకుతూ, తేలిక మెలికల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

టోక్యోలోనే, ఆ టీమ్ ఫైనల్‌కు వారం తర్వాత బైల్స్ బీమ్‌పై మెలికల్లేకుండా దిగి కాంస్యం గెలిచింది. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. అక్కడ టీమ్ ఫైనల్ రోజు పొద్దున కూడా థెరపిస్టుతో మాట్లాడే వచ్చానని చెప్పింది.