'టెన్షన్ పడకు' అంటే టెన్షన్ తగ్గుతుందా?



గత యూనిట్ టెస్టుల్లో మా ఆరో తరగతి పాప ఒకరు మ్యాథ్స్ పేపర్ చేతికి రాగానే పెన్ను కింద పెట్టేసింది. అరచేతుల నిండా చెమట, కళ్ళలో నీళ్ళు. ముందురోజు రివిజన్‌లో అవే లెక్కలు బోర్డు మీద చేసి చూపించింది. నేను దగ్గరికెళ్ళి "టెన్షన్ పడకమ్మా, రిలాక్స్, డీప్ బ్రీత్ తీసుకో" అన్నాను. పాప గబగబా నాలుగైదుసార్లు గట్టిగా గాలి పీల్చింది. ఏడుపు ఇంకా ఎక్కువైంది, కళ్ళు తిరుగుతున్నాయంది.

బీఎడ్‌లో చైల్డ్ సైకాలజీ చదివిన నేను చేసింది పొరపాటే. ఎందుకు పొరపాటో తర్వాత తెలుసుకుని, క్లాసులో ప్రయత్నించి చూశాక ఇది రాస్తున్నాను.

భయం వేసినప్పుడు శరీరంలో అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. పరీక్ష రోజు పొద్దున్నే "కడుపు నొప్పి" అనే పిల్లలందరూ నాటకాలాడటం లేదు, చాలామందికి నిజంగానే నొప్పి ఉంటుంది. ఆ స్థితిలో "టెన్షన్ పడకు" అంటే, పడుతున్నందుకు కూడా వాళ్ళు కంగారు పడతారు.

మరి శ్వాస ఎలా సాయం చేస్తుంది? గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వేగస్ అనే నరం ద్వారా ఇది జరుగుతుంది. అంటే మనకు పనికొచ్చేది వదిలే శ్వాస. నేనేమో "తీసుకో" అన్నాను. గబగబా గట్టిగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి కళ్ళు తిరుగుతాయి. ఆ రోజు జరిగింది అదే అయి ఉంటుంది.

కాబట్టి పిల్లలకు ఇలా చెప్పండి: మూడు లెక్కపెడుతూ ముక్కుతో మామూలుగా గాలి తీసుకో, ఐదు లేదా ఆరు లెక్కపెడుతూ వేడి పాలు ఊదినట్టు మెల్లగా వదులు. ఐదారుసార్లు చాలు. చిన్నపిల్లలైతే వెల్లకిలా పడుకోబెట్టి, పొట్టమీద ఒక బొమ్మ పెట్టి, అది పైకి లేచి దిగడం చూడమనండి. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ప్రాణాయామం చేస్తుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి. భ్రామరిలో తుమ్మెదలా శబ్దం చేయడం మా క్లాసులో అందరికీ నచ్చింది (పక్క క్లాస్ టీచర్‌కు తప్ప). అందులోనూ ఉన్నది నెమ్మదిగా వదిలే శ్వాసే.

పరీక్ష హాల్లో ఎవరికీ కనిపించకుండా చేయగలిగేది ఇంకోటి ఉంది. అమెరికన్ డాక్టర్ ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో పుస్తకంగా రాసిన పద్ధతికి ఇది చిన్న రూపం. బల్ల కింద పిడికిలి ఐదు సెకన్లు బిగించి, ఒక్కసారిగా వదిలేయడమే. తర్వాత భుజాలు అలాగే. బిగించి వదిలాక వచ్చే తేడా పిల్లలకు వెంటనే తెలుస్తుంది.

మైండ్‌ఫుల్‌నెస్ అంటే మనసును ఖాళీ చేయడం అని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు ఏం జరుగుతోందో గమనించడం, అంతే. ఒక కమలా తొనను నోట్లో పెట్టుకుని, టీవీ చూడకుండా, నెమ్మదిగా తినమనండి. పులుపు ఎప్పుడు తెలిసిందో, గింజ ఎక్కడ తగిలిందో అడగండి.

ఒక నిజం కూడా చెప్పాలి. బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా స్కూల్ పిల్లలతో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. క్లాసులో అందరికీ మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పినా, మామూలు పద్ధతికంటే మెరుగైన ఫలితం కనిపించలేదు. పాఠం బయట ప్రాక్టీస్ చేసిన పిల్లలు కూడా తక్కువే. అందుకే స్కూల్లో వారానికి ఒక పీరియడ్‌తో ఇది అయిపోతుందని నేను అనుకోవడం లేదు. పరీక్ష రోజు మొదటిసారి చెప్పడమంటే బావిలో పడ్డాక ఈత నేర్పడమే. రాత్రి పడుకునే ముందు, అంతా ప్రశాంతంగా ఉన్నప్పుడు, మూడు నిమిషాలు మీరూ వాళ్ళతో కలిసి చేయండి. అల్లరి చేసినప్పుడు "పో, వెళ్ళి బ్రీతింగ్ చెయ్" అని మాత్రం పంపకండి. అది శిక్షయిపోతుంది, మళ్ళీ దాని జోలికి వెళ్ళరు.

ఇవేవీ నిద్రకు ప్రత్యామ్నాయం కావు. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండు దాకా చదివించి, పొద్దున్నే ఐదింటికి లేపి, మధ్యలో ప్రాణాయామం చేయిస్తే లాభం లేదు. యాప్‌లో మార్కులు పడగానే "ఫస్ట్ ఎవరు?" అనే ప్రశ్న ఒక్క పూట ఆపి చూడండి. ఆ ప్రశ్న స్టాఫ్‌రూమ్‌లో మేమూ అడుగుతుంటాం, మేమూ ఆపాలి.

రెండు మూడు వారాలుగా నిద్ర పట్టకపోవడం, స్కూలుకు రానని ఏడవడం, తిండి మానేయడం ఉంటే శ్వాస వ్యాయామాలతో సరిపెట్టకుండా పిల్లల డాక్టర్‌ను, కౌన్సెలర్‌ను కలవండి. చనిపోవాలని ఉందనే మాట వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆ పాప సైన్స్ పేపర్ రోజు బల్ల కింద పిడికిళ్ళు బిగించి వదలడం చూశాను. రెండు నిమిషాలు పట్టింది, తర్వాత రాయడం మొదలుపెట్టింది. మీ ఇంట్లో ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో నాకు చెప్పండి.