మన సభ్యుడు ఏమి అడిగాడు, ఎటు ఓటు వేశాడు?

తెలుగు మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయుల ఖాళీలు నిండనప్పుడు, పాఠ్యపుస్తకాలు ఆలస్యంగా అందినప్పుడు "మన ఎంపీ ఏం చేస్తున్నట్టు?" అన్న మాట హోసూరులో, బళ్ళారిలో, రాయగడలో, షోలాపూరులో ఎక్కడైనా వినిపిస్తుంది. మా విద్యార్థులూ అదే అడుగుతుంటారు. దీనికి జవాబు చాలావరకు సభాకార్యక్రమాల నివేదికల్లోనే దొరుకుతుంది. ఏ సభ్యుడు ఏ మంత్రిని ఏమి అడిగాడో, ఏ బిల్లుకు ఎటు ఓటు వేశాడో లోక్‌సభ, రాజ్యసభ ప్రచురిస్తూనే ఉన్నాయి. అయితే ఆ రికార్డును చదవడానికి కొంత పద్ధతి తెలియాలి.

ముందుగా ఓటు సంగతి చూద్దాం. బిల్లుల్లో చాలాభాగం మూజువాణి ఓటుతోనే ఆమోదం పొందుతాయి. మూజువాణి అంటే నోటిమాటగా అని అర్థం. ఉర్దూ ద్వారా మన వ్యవహారంలోకి వచ్చిన మాట. అనుకూలురు "అవును" అంటారు, ప్రతికూలురు "కాదు" అంటారు, ఏ ధ్వని ఎక్కువో సభాపతి నిర్ణయిస్తారు. ఈ పద్ధతిలో పేర్లు నమోదు కావు. ఆ నిర్ణయాన్ని ఎవరైనా సభ్యుడు ప్రశ్నించి డివిజన్ కోరినప్పుడు, రాజ్యాంగ సవరణ వంటి ప్రత్యేక మెజారిటీ అవసరమైనప్పుడు మాత్రమే పేరుపేరునా లెక్క ఉంటుంది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఉంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ మూజువాణి ఓటుతో ఆమోదించాయి. రెండు రాష్ట్రాల భవిష్యత్తును నిర్ణయించిన ఆ బిల్లుకు అవునన్న వారెవరో, కాదన్న వారెవరో తెలిపే పూర్తి పేర్ల జాబితా లేదు. దీనికి భిన్నంగా, 2023 సెప్టెంబరు 20న లోక్‌సభ ఆమోదించిన మహిళా రిజర్వేషన్ల సవరణ బిల్లుకు అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2 ఓట్లు పడ్డాయి. ఆ ఇద్దరూ ఒకే పార్టీవారు, హైదరాబాదు, ఔరంగాబాదు సభ్యులు. వారు ఎందుకు వ్యతిరేకించారో ఓట్ల పట్టిక చెప్పదు. ముస్లిం, వెనుకబడిన తరగతుల మహిళలకు ప్రత్యేక కోటా లేదన్న వారి వాదన చర్చల ప్రతిలో ఉంటుంది. కనుక పట్టికనూ చర్చనూ కలిపి చదవాలి.

ఒక్క ఓటు విలువ ఎంతో 1999 ఏప్రిల్ 17న తెలిసింది. వాజపేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానానికి 269 మంది అనుకూలంగా, 270 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. కోరాపుట్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు. వచ్చి వ్యతిరేకంగా ఓటు వేశారు. తెలుగువారు చాలాకాలంగా స్థిరపడిన రాయగడ ఆ నియోజకవర్గంలోనిదే. ఆనాడు సభాపతి స్థానంలో ఉన్నది మన అమలాపురం ప్రతినిధి జి.ఎం.సి. బాలయోగి.

అయినా ఓటును బట్టి సభ్యుని సొంత అభిప్రాయం తెలుస్తుందనుకోవడం పొరపాటు. 1985లో 52వ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చింది. దాని ప్రకారం పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటు వేసిన సభ్యుడు, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే, సభ్యత్వం కోల్పోవచ్చు. అందువల్ల ఓటులో తరచుగా కనిపించేది పార్టీ నిర్ణయమే. సభ్యుని శ్రద్ధ ఎటువైపు ఉందో ప్రశ్నలే ఎక్కువగా తెలుపుతాయి.

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. మొదటి రకానికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి; దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. రెండవ రకానికి రాతపూర్వక జవాబు వస్తుంది. నోటీసు కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. ఏ ప్రశ్న ముందు వస్తుందో లాటరీ తీసి నిర్ణయిస్తారు. కాబట్టి ప్రశ్నల సంఖ్య ఒక్కదానితో ఎవరినీ తూచరాదు. మంత్రులు ప్రశ్నలు వేయరు. వారి లెక్క సున్నా ఉంటే అది సోమరితనం కాదు. 2020 సెప్టెంబరు సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయమే రద్దయింది, రాతపూర్వక జవాబులు మాత్రమే వచ్చాయి.

సంఖ్య కన్నా ప్రశ్న నిర్మాణం ముఖ్యం. ఇక్కడ భాషాశాస్త్రం కొంత పనికివస్తుంది. క్రియ చివర 'ఆ' చేర్చి అడిగే ప్రశ్న ఒకటి: "తెలుగు పాఠశాలలు మూతపడుతున్న విషయం ప్రభుత్వానికి తెలుసా?" దీనికి "లేదండి" అన్న ఒక్క మాట చాలు, "అయితే వివరాలేమిటి?" అన్న రెండో భాగానికి "ఉత్పన్నం కాదు" అని జవాబు వస్తుంది. 'ఏ, ఎన్ని, ఎప్పుడు' అన్న మాటలతో అడిగేది మరొకటి: "350-ఎ అధికరణం అమలుపై భాషా అల్పసంఖ్యాక వర్గాల కమిషనరు సమర్పించిన చివరి నివేదిక ఏ సంవత్సరానిది? అందులోని సిఫారసులలో ఎన్నింటిపై, ఎప్పుడు చర్య తీసుకున్నారు?" దీనిని ఒక్క మాటతో దాటవేయడం కష్టం. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెప్పే ఆ అధికరణం 1956లో ఏడవ సవరణతో వచ్చింది.

జవాబును కూడా చివరివరకు చదవాలి. "సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందు ఉంచుతాము" అని మంత్రి అంటే అది హామీ కింద లెక్క. దానిని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరిందో లేదో ప్రభుత్వ హామీల సంఘం చూస్తుంది. ప్రశ్న వేసి ఊరుకున్న సభ్యునికీ, హామీ తేలేవరకు వెంటపడిన సభ్యునికీ తేడా ఇక్కడే బయటపడుతుంది.

విద్య 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉన్నా పాఠశాలల నిర్వహణ ప్రధానంగా రాష్ట్రాల చేతిలోనే ఉంది. అందుచేత ఉపాధ్యాయుల నియామకం గురించి శాసనసభ్యునినే అడగాలి. పుదుచ్చేరి శాసనసభకు ఎన్నికయ్యే 30 మందిలో యానాం ప్రతినిధి ఒక్కరే. ఆ ఒక్కరి ప్రశ్నలు చదవడం అక్కడి విద్యార్థికి పెద్ద పని కాదు.

మా సూచన ఇది. మీ సభ్యుడు ఒక సమావేశ కాలంలో వేసిన ప్రశ్నలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ప్రతి ప్రశ్న పక్కన జవాబు, హామీ, తేదీ వేయండి. మీ ఊరి పాఠశాల ప్రస్తావన ఎక్కడా లేకపోతే, పైన చెప్పిన రెండో పద్ధతిలో ఒక ప్రశ్న తయారుచేసి ఆయనకు పంపండి. నోటీసు గడువు పదిహేను రోజులన్నది మరవకండి.