పదో స్థానం జట్టుకు కప్పు! గెలుపును లెక్క కట్టడం ఎలా?

అమెరికాలో కాలేజీల మధ్య జరిగే బాస్కెట్‌బాల్ పోటీలను లక్షలాది మంది చూస్తారు. అక్కడి కాలేజీలు కూటములుగా ఏర్పడి ఆడతాయి. ఒక్కొక్క కూటమిని 'కాన్ఫరెన్స్' అంటారు. ఒక కాన్ఫరెన్స్‌లోని జట్లు చలికాలమంతా తమలో తాము ఆడుకుంటాయి. గెలుపోటములను బట్టి వాటికి 1, 2, 3 అని స్థానాలు వస్తాయి. ఆ తర్వాత మార్చి నెలలో ఒకచోట చేరి నాకౌట్ పోటీ ఆడతాయి. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు తర్వాతి రౌండుకు! ఆఖరున నిలిచిన జట్టుకు జాతీయ పోటీలో చోటు దొరుకుతుంది.

ఆ చోటు ఎంత విలువైనదో 1974లో మేరీలాండ్ జట్టుకు బాగా తెలిసివచ్చింది. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ ఫైనల్లో నార్త్ కరొలైనా స్టేట్ జట్టు చేతిలో అది 103-100 స్కోరుతో ఓడిపోయింది. నిర్ణీత సమయంలో ఆట తేలక, అదనపు సమయం ఆడించవలసి వచ్చింది. మేరీలాండ్ అప్పట్లో దేశంలోని మేటి జట్లలో ఒకటి. అయితేనేం? ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒక్క జట్టుకే ప్రవేశం అన్నది నాటి నియమం. మూడు పాయింట్ల తేడాతో మేరీలాండ్ ఇంటిదారి పట్టింది. నార్త్ కరొలైనా స్టేట్ ఆ ఏడాది జాతీయ విజేత అయింది! మరుసటి ఏడాది నుంచి నియమం మార్చి, ఒక కాన్ఫరెన్స్ నుంచి ఒకటికి మించి జట్లను రానిచ్చారు.

ఇలాంటి పోటీలో ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పగలమా? "అందులో ఏముంది? మొదటి స్థానంలో ఉన్న జట్టే గెలుస్తుంది" అంటారు మీలో కొందరు. ఆ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూద్దాం.

ఒక్క ఆట లెక్క

ప్రతి జట్టు బలానికి ఒక అంకె ఇద్దాం. 'క' జట్టు బలం 6, 'త' జట్టు బలం 2 అనుకోండి. రెండూ తలపడితే మొత్తం బలం 8. అందులో 'క' వాటా 6. కాబట్టి 'క' గెలిచే అవకాశం 6/8, అంటే 3/4. 'త' గెలిచే అవకాశం 1/4. ఇలా అవకాశాన్ని భిన్నంలో చెప్పడాన్ని గణితంలో 'సంభావ్యత' అంటారు. 1952లో బ్రాడ్లీ, టెర్రీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని వివరించారు. చదరంగం ఆటగాళ్ళకు ఇచ్చే ఎలో రేటింగుల వెనుక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే.

ఇంతకీ ఈ బలం అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? అంతకుముందు ఆడిన ఆటల నుంచే. కాని గెలుపులను లెక్కపెట్టినంత మాత్రాన సరిపోదు. ఒక పాయింటుతో గట్టెక్కిన గెలుపూ, ఇరవై పాయింట్ల గెలుపూ ఒకటి కావు. బలహీనుల మీద సాధించిన పది గెలుపుల కన్నా ఉద్దండుల మీద సాధించిన ఆరు గెలుపులు ఎక్కువ చెప్పవచ్చు. సొంత మైదానంలో ఆడే జట్టుకు ప్రేక్షకుల అండ ఉంటుంది, ప్రయాణపు బడలిక ఉండదు. ఆ సౌకర్యం తటస్థ మైదానంలో దొరకదు. అందుచేత ఏ ఆట ఎక్కడ, ఎవరితో, ఎంత తేడాతో ముగిసిందో చూసి బలాన్ని లెక్క కడతారు. ఇంత చేసినా ఆ అంకె ఒక అంచనా మాత్రమే. ఏడాదికి ముప్పై చిల్లర ఆటలే గదా ఆధారం! కీలకమైన ఆటగాడి మడమ బెణికితే ఆ అంకె కాస్తా తారుమారవుతుంది.

నాలుగు జట్ల పోటీ

ఇప్పుడు నాలుగు జట్లతో ఒక చిన్న పోటీ పెడదాం. బలాలు ఇవి: క = 6, చ = 4, ట = 4, త = 2. సెమీఫైనల్స్‌లో 'క'తో 'త', 'చ'తో 'ట' ఆడతాయి.

'క' సెమీఫైనల్ గెలిచే అవకాశం 3/4. ఫైనల్లో దానికి ఎదురయ్యేది 'చ' గాని 'ట' గాని. రెండింటి బలమూ 4 కాబట్టి ఎవరు వచ్చినా 'క' గెలిచే అవకాశం 6/10, అంటే 3/5. కప్పు కావాలంటే రెండు ఆటలూ గెలవాలి. కాబట్టి రెండు భిన్నాలనూ హెచ్చవేయాలి.

3/4 × 3/5 = 9/20

అంటే నూటికి 45. చూశారా! ఎవరితో ఆడినా 'క'దే పైచేయి. అయినా అది కప్పు గెలిచే అవకాశం సగానికి తక్కువే. మిగతా జట్ల సంగతి కూడా లెక్క కడితే, 'చ'కు నూటికి సుమారు 23, 'ట'కు 23, 'త'కు 8 వస్తాయి. నాలుగింటిలోనూ 'క'కే అవకాశం ఎక్కువ. కాని "క గెలుస్తుందా, మరొకరు గెలుస్తారా?" అని అడిగితే, "మరొకరు" అన్నవాడి మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ!

రౌండ్లు పెరిగేకొద్దీ హెచ్చవేతలూ పెరుగుతాయి. ఒకటి కన్నా చిన్న భిన్నాలను హెచ్చవేస్తూ పోతే లబ్ధం తగ్గుతూ పోతుంది గదా! ప్రతి ఆటలోనూ నూటికి 80 అవకాశం ఉన్న మేటి జట్టయినా, వరుసగా మూడు ఆటలు గెలిచే అవకాశం 0.8 × 0.8 × 0.8 = 0.512. అంటే ఇంచుమించు సగమే.

'బై' విలువ ఎంత?

2024లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ పోటీలో 15 జట్లు ఆడాయి. మొదటి నాలుగు స్థానాల జట్లకు రెండు రౌండ్ల 'బై' ఇచ్చారు. అవి మూడు ఆటలు గెలిస్తే చాలు. 5 నుంచి 9 వరకు ఉన్న జట్లు నాలుగు గెలవాలి. 10 నుంచి 15 వరకు ఉన్న జట్లు ఏకంగా అయిదు గెలవాలి.

అన్ని జట్లూ సమాన బలం కలవే, ప్రతి ఆటా బొమ్మా బొరుసూ లాంటిదే అనుకుందాం. అప్పుడు మొదటి నాలుగు జట్లలో ఒక్కొక్కదానికి 1/8 అవకాశం, తర్వాతి అయిదింటికి 1/16 చొప్పున, చివరి ఆరింటికి 1/32 చొప్పున ఉంటుంది. అన్నీ కూడితే సరిగ్గా 1 వస్తుంది. కూడి చూడండి. బలంలో తేడా లేకపోయినా, కేవలం బై వల్లనే మొదటి జట్ల అవకాశం చివరి జట్లకు నాలుగింతలు అయిందన్న మాట.

ఆ ఏడాది నార్త్ కరొలైనా స్టేట్ జట్టుది పదో స్థానం. కప్పు గెలిస్తే తప్ప దానికి జాతీయ పోటీలో చోటు దొరికే ఆశ లేదు. అయిదు రోజుల్లో అయిదు ఆటలు గెలవాలి. అది లూయీవిల్, సిరక్యూజ్ జట్లను ఓడించింది. తర్వాత రెండో స్థానంలో ఉన్న డ్యూక్‌ను ఓడించింది. మూడో స్థానంలో ఉన్న వర్జీనియాతో సెమీఫైనల్లో, ఆట ముగిసే క్షణాన మూడు పాయింట్లు వెనుకబడి ఉంది. దూరం నుంచి విసిరిన బంతి వెనుక పలకకు తగిలి బుట్టలో పడింది! మూడు పాయింట్లు వచ్చి స్కోరు సమమైంది, అదనపు సమయంలో గెలుపూ దక్కింది. ఫైనల్లో మొదటి స్థానపు జట్టు నార్త్ కరొలైనాను 84-76 స్కోరుతో ఓడించి కప్పు ఎగరేసుకుపోయింది.

జోస్యం తప్పిందా?

"నార్త్ కరొలైనాకే ఎక్కువ అవకాశం" అన్నవాడి మాట తప్పినట్టేనా? ఒక్క పోటీని చూసి చెప్పలేం. "రేపు వాన పడే అవకాశం నూటికి 70" అంటారు వాతావరణ శాస్త్రజ్ఞులు. అలా అన్న వంద రోజుల్లో ఇంచుమించు 70 రోజులు వాన పడితే వారి లెక్క మంచిదే. వంద రోజులూ పడితే అదీ లోపమే!

ఇలాంటి అంచనాలకు మార్కులు వేసే పద్ధతిని 1950లో బ్రయర్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు సూచించాడు. జరిగితే 1, జరగకపోతే 0. దానికీ, మనం చెప్పిన భిన్నానికీ ఉన్న తేడాను వర్గం చేయాలి. అదే మనకు పడే జరిమానా. 'క', 'త' జట్లు నాలుగు ఆటలు ఆడాయి, 'క' మూడు గెలిచి ఒకటి ఓడింది అనుకోండి. ప్రతిసారీ "క గెలిచే అవకాశం 0.75" అన్న రాముకు మొత్తం జరిమానా 0.75. ప్రతిసారీ "క గెలిచి తీరుతుంది" అన్న సోముకు జరిమానా 1. మూడుసార్లు సోము మాట అక్షరాలా నిజమైంది. అయినా తక్కువ జరిమానా రాముదే. తెలిసినంత మేరకే ధీమాగా చెప్పినవాడు మంచి జోస్యుడన్న మాట.

మీరే చేసి చూడండి

ఎనిమిది కాగితం ముక్కలు తీసుకోండి. ఆరింటి మీద 'క', రెండింటి మీద 'త' రాసి, మడిచి, కలిపి ఒకటి తీయండి. వచ్చిన జట్టు మొదటి సెమీఫైనల్ గెలిచినట్టు. 'చ', 'ట' జట్ల మధ్య బొమ్మా బొరుసూ వేయండి. ఫైనల్‌కు వచ్చిన రెండు జట్ల పేర్లూ వాటి బలాల ప్రకారం చీటీల మీద రాసి మళ్ళీ ఒకటి తీయండి. ఇలా 20 పోటీలు జరపండి. 'క'కు 9 కప్పులు రావాలి. కాని మీకు 7 రావచ్చు, మీ స్నేహితునికి 12 రావచ్చు. తరగతిలో 30 మంది తలా 20 పోటీలు ఆడించి కలిపితే, 600లో 'క' కప్పులు 270కి దగ్గరగా వస్తాయి. కంప్యూటర్లు చేసేదీ ఈ చీటీల పనే. కాకపోతే వేలాది పోటీలను క్షణాల్లో ఆడించేస్తాయి. అన్ని వేల పోటీలు ఆడించినా అవి అవకాశాలను మాత్రమే చెప్పగలవు. మైదానంలో మాత్రం పోటీ ఒక్కసారే జరుగుతుంది.